పోస్టర్లు అంటించాక విన్న పాట

అశోక్‌నగర్,
హైదరాబాదు.

ప్రియమైన సంయుక్తకు,

ఇక్కడ నేను కులాసా. ఇంటి ఓనరు రాజకుమారి గారు కూడా కులాసానే. "సూర్యాపేట బడి పోరగాండ్లు మీ ఆమె మాట ఇంటున్నరా?" అని రోజూ అడుగుతున్నారు. అక్కడ నువ్వూ, ఆ పోరగాండ్లూ బాగున్నారని తలుస్తాను.

వేళకు తింటున్నావా, ఎవరితోనైనా తగవు పడ్డావా అని అడిగావు. తింటున్నాను. నారాయణగూడ ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం కాగానే నేరుగా మెస్సుకే. ఇక తగవు సంగతి చెప్పాలంటే క్యూబా సభ సంగతి చెప్పాలి.

చిక్కడపల్లిలో మనవాళ్లు క్యూబాకు సంఘీభావ సభ పెట్టారు కదా. అన్సెల్మో అనే క్యూబా పాటల రచయిత గురించి నేను మాట్లాడి, ఆయన పాటొకటి తెలుగులో పాడాలి. సభ కోసం నాకిచ్చిన కరపత్రంలో ఆయన గురించి ఉన్నది నాలుగు ముక్కలే. రేవుపట్నంలో దర్జీ. స్వరాలు రాయడం రాదు. కుట్టుమిషను తొక్కుతూ పాటలు కడితే దేశమంతా పాడుకుంది. శ్రామికుడు! ఇంకేం కావాలి? 'విప్లవ గీతాల సాయంత్రం' అని పోస్టర్లు కొట్టించి హిమాయత్‌నగర్ దాకా అంటించాను. ఆ తర్వాత మన సంఘం సృజన్ ఢిల్లీ నుంచి ఆయన పాటల క్యాసెట్ తెచ్చాడు. రెండు వైపులా విన్నాను. ఒక్క కవాతు పాట లేదు. అన్నీ ప్రేమ పాటలే!

మన కార్యదర్శి రామచంద్రయ్య గారు నెత్తి పట్టుకున్నారు.

"ఏందయ్యా గిది? విప్లవమని పిలిచి మల్లెపూలు పంచుతవా?"

"అన్నా, ఆయన్ని గూడ గిట్లనే అడిగిన్రట. కొండల మీద కొట్లాడేటోళ్లు ఎన్నడన్న ఇంటికి రావాలె గద, గప్పటి కోసం రాస్తున్న అన్నడట."

"గది నువ్వే కల్పించినవ్!"

"క్యాసెట్ల కాగితం ఉన్నది, సదువున్రి!"

పాట లేకపోతే నేనూ లేనని బల్ల గుద్దాను. టీ గ్లాసొకటి పగిలింది. నువ్వడిగిన తగవు అదే. చివరికి "పాడి సావు" అన్నారు. పాడితే మొదట చప్పట్లు కొట్టింది కూడా ఆయనే. ఇప్పుడు పాటల పుస్తకం వేద్దామంటున్నారు. నాకు భలే సంతోషంగా ఉంది.

ఇక దాచలేను, సంయుక్తా. ఆ పాట పల్లవి నీది. క్యాసెట్ కాగితంలో పల్లవికి ఇచ్చిన ఇంగ్లిషు అర్థం, కోపం లేకుండా ఇంటికి రమ్మని. ఎన్నిసార్లు రాసినా 'ఆగ్రహమును విసర్జించి గృహప్రవేశం చేయుము' అన్నట్టే వచ్చింది. ఆఖరికి, నేను మీటింగుల్లో కొట్లాడి వచ్చినప్పుడల్లా తలుపు దగ్గర నువ్వనే మాటే పెట్టేశాను: "కోపం చెప్పుల కాడ ఇడిసి లోపటికి రా." మనిద్దరి మధ్య మాటను, నిన్నడక్కుండా, హాలు నిండా జనం ముందు పాడాను. ముందు నవ్వారు. తర్వాత గొంతు కలిపారు.

పుస్తకంలో దాన్ని 'కోపంతో కదిలి రా' అని మార్చమంటున్నారు రామచంద్రయ్య గారు. మార్చనన్నాను, అరవకుండానే. కానీ ఆ మాట చెప్పే హక్కు నాకెక్కడిది? నీది. అందుకే అచ్చు ఆపించాను. సరేనంటే పల్లవి కింద నీ పేరు వేయిస్తాను. వద్దంటే పాట మొత్తం తీసేస్తాను. తిట్లయినా సరే, వెంటనే రాయి.

ఒక్కటి మాత్రం నా చేతిలో లేదు. సభకొచ్చిన మా ప్రెస్సు బాలప్ప, పొద్దున గుమ్మంలో చెప్పులు విడుస్తూ నీ పల్లవే పాడుతున్నాడు.

ఇట్లు,
నీ సహచరుడు
ఉమాకాంత్