ఎర్మినియా రాయికి మెరుగు పెట్టే బాధ్యత

తెకాలి నివాసి, కీర్తిశేషుడు ఎపిఫానియో తెపాలే కుమారుడు, రాతిపనివాడు ఫౌస్తీనో తెపాలే అనే నేను, చూపు మసకబారినా తెలివి మసకబారకుండా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా సొంత ఇష్టంతో రాయించుకుంటున్న చివరి వీలునామా ఇది. నా ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. ఆ ముక్క చెప్పడానికి నన్ను పువెబ్లా పట్నం దాకా రప్పించనక్కర్లేదు, దగ్గినప్పుడల్లా నాకే తెలుస్తోంది. నేను అలసిపోయాను. నాలుగు మాటల్లో ముగించాలని ఉంది, ముగించలేనని కూడా తెలుసు. ఇంతకుముందు రాయించినవన్నీ, ముఖ్యంగా ఈస్టరు పండక్కి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చదివించినది, ఇందుమూలంగా రద్దయినవి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురికి జ్ఞానస్నానం రోజున జ్ఞానతండ్రిగా నిలబడ్డ నబోర్‌ది. అతడు దీన్ని అందరి ముందూ గట్టిగా చదవాలి. మధ్యలో ఏడవకూడదు. పరాయివాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా ఏడ్చే మనిషి కాబట్టి ముందే రాయిస్తున్నాను. శ్రమకు ప్రతిఫలంగా నా మంచి టోపీ అతడికి చెందుతుంది. తలకు వదులైతే లోపల కాగితం మడిచి పెట్టుకోవచ్చు.

2. రేకుల కప్పు కింద ఉన్న పనిశాల, పెద్ద రంపం, సానచక్రాలు, మోటారు, దొడ్లో పడి ఉన్న కోయని రాళ్ళు నా తదనంతరం నా కొడుకు క్రిసోఫోరో సర్వహక్కులతో అనుభవించవలెను. వాడు తెల్లరాయికి ఆకుపచ్చ రంగు ఎక్కించి చదరంగం బొమ్మలు చేసి రోడ్డు పక్కన అమ్ముతాడు. అడిగితే, "కొనేవాడికి గుర్రం కావాలి గానీ, రాయి పుట్టుపూర్వోత్తరాలు ఎందుకు నాన్నా?" అంటాడు. రంగేసిన రాయిని రంగేసిన రాయి అనే చెప్పి అమ్మమని కోరుతున్నాను. ఇది షరతు కాదు, బతిమాలుకోవడం. వాడు మంచివాడే, చేతికే తొందర. మన చారల రాయి మెత్తనిది. చక్రానికేసి గట్టిగా అదిమితే వేడెక్కి చార వెంట చిట్లుతుందని వాడికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

3. నేను ఉంటున్న ఇల్లు నా కూతురు తొమాసాకు. అక్షరాలు చెక్కే సన్న ఉలులు, వాటి తోలు సంచి కూడా ఆమెకే. ఆ ఉలులు ఆమె చేతిలో కుదిరినట్టు నా చేతిలో ఎన్నడూ కుదరలేదు. ఆమె పుట్టిన ఏడు నేను చేసిన పలచని గిన్నె అలమరలో ఉంది. లోపల దీపం పెడితే తేనెరంగు చారలు వెలుగుతాయి. చంటిపిల్లప్పుడు దాన్ని చూపిస్తేనే ఏడుపు ఆపేది. అందులో చిల్లర డబ్బులు వేయవద్దు తల్లీ.

4. నా మరదలు లొరెంసాకు నా చేతిపని రాతి పళ్ళెం ఒకటి ఇస్తున్నాను. దాని మీది తెల్లమచ్చలు ఆమె పెట్టినవే. నిమ్మరసం ఈ రాయిని తింటుందని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అయినా ప్రతి ఏడూ చనిపోయినవాళ్ళ పండగకి ఈమె వేయించిన రొట్టెలు, కోసిన నిమ్మకాయలు తెచ్చి నేరుగా మా ఆవిడ సమాధి రాయి మీదే పెడుతుంది. ఒకసారి అరిచాను. "అక్కకి నిమ్మకాయ పిండందే ముద్ద దిగదు బావా! చచ్చాక కూడా నీ రాయి కోసం చప్పిడి తిండి తినమంటావా?" అంది. నా కోపం మాత్రం ఇప్పటికీ ఉంది.

5. ఇక ఆ సమాధి రాయి సంగతి. నా భార్య ఎర్మినియా పోయినప్పుడు సిమెంటు వేయించమని అందరూ చెప్పారు. "మెత్తరాయిని తీసుకెళ్ళి వానలో పెడతావా? నువ్వసలు రాతిపనివాడివేనా?" అని నబోర్ తిట్టాడు. నేను వినలేదు. ఎంత బేరం వచ్చినా ఆమె నన్ను అమ్మనివ్వని ఆకుపచ్చ చారల పలక ఒకటుండేది. దానికే మెరుగు పెట్టి, పేరు చెక్కి, ఆమె మీద పరిచాను. వానలకి మెరుపు పోతుంది. అందుకని ఏటా ఆ పండక్కి ముందు బకెట్టు, తడిపి రుద్దే గరుకు కాగితం, ఉన్నిగుడ్డ, మెరుపు తెచ్చే తగరపు పొడి పట్టుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ మెరిపించేవాణ్ణి. పోయిన ఏడు శ్మశానం గేటు దాకా వెళ్ళి, ఊపిరాడక వెనక్కి వచ్చేశాను.

ఈ పని ఆగిపోతుందన్న భయంతోనే ఆ పాత వీలునామా రాయించాను. ఏటా ఆ రాయికి మెరుగు పెట్టనివారి వాటా రెండోవారికి పోవలెనని షరతు పెట్టాను. "మిషను పెట్టి చిటికెలో చేసేస్తాలే నాన్నా" అన్నాడు క్రిసోఫోరో. తొమాసా పోయిన నెల నన్ను ట్రక్కులో కూర్చోబెట్టుకుని శ్మశానానికి తీసుకెళ్ళింది. నా వేలు పట్టుకుని రాయి మీద పెట్టి, "చదువు నాన్నా" అంది. తడిమాను. మొదటి అక్షరాల గాడి తగల్లేదు. "నువ్వు ఇన్నాళ్ళూ అరగదీసింది రాయినా, అమ్మ పేరునా?" అంది.

మెరుగు పెట్టిన ప్రతిసారీ రాయి ఒక పొర అరుగుతుంది. ఈ పనిలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియనిది కాదు. ఆ పేరు నాకు కంఠస్థం కాబట్టి ఎన్నడూ చదివి చూసుకోలేదు. ఇంటికొచ్చేదాకా తొమాసా మీద మండిపడ్డాను. తర్వాత మంచం మీద కూర్చుని ఏడ్చాను.

6. కావున ఆ షరతు పూర్తిగా రద్దు. ఏటా ఆ రాయి దగ్గర మోకరిల్లే బాధ్యత నా వారసులు ఎవరికీ లేదు. ఒక్కసారికి మాత్రం ఇద్దరూ కలిసి పని చేయాలి. నన్ను ఎర్మినియా పక్కనే పెట్టాక, క్రిసోఫోరో ఆ పలకకి మిషను లేకుండా చేత్తో మెరుగు పెట్టాలి. వాడికి చేతనవును. ఆ తర్వాత తొమాసా వాళ్ళమ్మ పేరు లోతుగా చెక్కి, ఓపికుంటే కింద నాది కూడా చెక్కాలి. ముందు మెరుగు, తర్వాత అక్షరం. వరస మారితే మళ్ళీ నేను చేసినట్టే అవుతుంది.

ఆ పైన మా మీద ఇసుక పరిచి, రాయిని బోర్లా పెట్టండి. మెరిసే వైపు కిందికి, రంపపు గీతలున్న గరుకు వైపు పైకి ఉండాలి. వాన తన పని తాను చేసుకుంటుంది, లొరెంసా తన నిమ్మకాయలు తాను కోసుకుంటుంది. భూమి తడి కూడా రాయిని తింటుందని నాకు తెలుసు, కానీ మెల్లగా తింటుంది. రాతిపనివాడి పిల్లలై ఉండి రాయిని తలకిందులుగా పెట్టారని ఊరు నవ్వితే నవ్వనివ్వండి. ఆ పేర్లు చదువుకోవాల్సిన ఇద్దరం కిందే ఉంటాం.

ఇది చదివించుకుని విని, సరిగా ఉందని ఒప్పుకుని, 1996 అక్టోబరు 19న తెకాలిలో చేసిన సంతకం:

ఫౌస్తీనో తెపాలే
(కళ్ళు ఆనక వంకర పోయింది, అయినా సంతకం నాదే)

సాక్షులు:
సిప్రియానో మెలేంద్రెస్, రొట్టెల బట్టీ యజమాని
ఒదిలోన్ కిరోస్, చర్చి గంటలు కొట్టేవాడు