ఆ లైను పక్కన ఉన్న పేరు

మార్చి 14, గురువారం

బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. మేం బాగున్నాం. అక్కడ అక్క, మీరు, మీ రిపేరు షాపు చల్లగా ఉన్నారని తలుస్తాను. మన ఆఫీసు వదిలినప్పటి నుంచి, నాలుగేళ్లుగా మీరు నా ఫోను ఎత్తరు కనుక ఉత్తరం రాస్తున్నాను. చింపేసే ముందు ఒకసారి చదవండి.

మన ఆఫీసులో మీ ఉద్యోగం పోగొట్టిన ఆ బగ్గు దొరికింది. డిస్కును నడిపే డ్రైవరు ప్రోగ్రాములోనే ఉంది. కంప్యూటరు నిద్రలోకి వెళ్లి లేచిందంటే, డిస్కు పని పూర్తికాకుండానే ఫైలు రాసేశానంటుంది. డ్రైవరు అమాయకంగా నమ్మేస్తుంది. ఈలోగా కరెంటు పోయిందా, అంతే సంగతులు. నాలుగేళ్ల క్రితం ఆ ఆసుపత్రిలో ఒక రోజు స్కానింగులన్నీ మాయమైంది అలాగే.

పోయిన నెలలో ఇంకోచోట మళ్లీ అదే జరిగితే, పని నా మీద పడింది. పన్నెండు రోజులు ప్లగ్గు పీకుతూ, పెడుతూ కూర్చున్నాను. ఆ ప్లగ్గు నీకేం అపకారం చేసింది నాయనా అని పక్క సీటావిడ అడిగింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, చివరికి సవరణ మూడే లైన్లు: నిద్ర లేచాక డిస్కు మాట నమ్మకుండా, నిజంగా రాశావా అని ఇంకోసారి అడగడం. తర్వాత రెండు వందల సార్లు పీకి చూశాను. ఒక్క ఫైలూ పోలేదు.

అప్పట్లో తప్పు ఏ భాగంలో ఉందో తెలిసింది గానీ, ఏమిటో తెలియలేదు. మేనేజరు తెర మీద చూపించాడు, ఆ కోడు లైన్ల పక్కన మీ పేరుంది. చివరగా ముట్టుకున్నవారి పేరే కదా అక్కడ కనపడేది. మీరు చేసిందల్లా వంకరగా ఉన్న లైన్లను వరుసలో పెట్టడం. అంతకు ముందు ఆ లైన్లలో తప్పు తెచ్చిన మార్పు ఎవరిదో ఎవరూ చూడలేదు. ఈసారి నేను చూశాను బావా. అది నాది.

నిన్న సవరణతో పాటు ఆ సంగతీ నా పేరుతో రాసి పెట్టాను. మేనేజరు అది చదివాడు. మీకు క్షమాపణ లేఖ పంపుతానన్నాడు. మీరు తిరిగి రావాలని అడగను, ఆ మొహం నాకు లేదు. ఒక్కసారి ఫోను ఎత్తితే చాలు.

మీ మాట కోసం చూసే,
బావమరిది

తా.క.: పైన ఈసారి చూశానని రాశాను. మొదటిసారి చూసింది ఇప్పుడు కాదు బావా. నాలుగేళ్ల క్రితం, ఆ మీటింగు గదిలో మీరు తల దించుకుని కూర్చున్నప్పుడే చూశాను. నా పేరు చూసి కంప్యూటరు మూసేశాను. అక్కకు ఇప్పటికీ తెలియదు. ఇది మీరే చదివి వినిపించండి.