ఆడుకున్నట్టు కనిపించాలట

గురువారం, రాత్రి

ఫిల్మ్‌నగర్‌లో ఈరోజు అన్నాచెల్లెళ్ల గది సెట్ వేశాం. అల్మారాలోకి నా చిన్నప్పటి రోబోలు, అంతరిక్ష సైనికుల బొమ్మలు తీసుకెళ్లాను. పుట్టినరోజుకొకటి చొప్పున పోగేసుకున్నవి.

డైరెక్టర్ గారు చూసి, "ఏంటండీ, ఇప్పుడే షాపులోంచి తెచ్చినట్టున్నాయి! ఇద్దరు పిల్లలు ఆడుకున్నట్టు కనిపించాలి" అన్నారు.

పాతికేళ్ల నాటివని చెప్పలేదు. నాతో ఆడుకోవడానికి ఎవరొచ్చారు గనక? తుడిచి, వరసగా నిలబెట్టి చూసుకునేదాన్ని, అంతే.

పెయింటర్ యాదగిరి ఉప్పుకాగితం తెచ్చి, "జర రుద్దాలె మేడమ్. బొమ్మలు ఖరాబైతయ్, మీకు ఫికర్ లేదా?" అన్నాడు. రుద్దమన్నాను. ఒక రోబో చెయ్యి కూడా విరగ్గొట్టమన్నాను.

షాట్ అయ్యాక అన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ విరిగిన చెయ్యి చూస్తుంటే, ఈ బొమ్మ కోసం ఒకప్పుడు నాతో ఎవరో పోట్లాడినట్టే ఉంది.