అమావాస్యకు ముందే

సోమవారం, రాత్రి

పొద్దుటి కోపం ఇంకా దిగలేదు.

కొడకండ్ల నుంచి వచ్చిన స్వప్నకు తొలికాన్పు. నొప్పులు బాగా వస్తున్నాయి, లోపల బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. నా చెయ్యి పట్టుకుని వార్డులో నడుస్తూ, "అక్కా, ఆపరేషన్ లేకుంటనే కంట," అంది. మిడ్‌వైఫ్‌కు అంతకంటే ఏం కావాలి?

అప్పుడొచ్చింది ఆమె అత్త. "రేపు అమాస. పంతులు ఇయ్యాల మధ్యాహ్నం మంచిగున్నదన్నడు, కోసి తియ్యుండ్రి."

అవసరం లేదన్నాను. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది.

"నువ్వు ఆగుమంటున్నవ్ బిడ్డా, అమాస ఆగుతదా?"

బాధ్యత మాదేనని సంతకం పెట్టి ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. నొప్పిని పంటి బిగువున ఆపుకుంటూ, స్వప్న నావైపే చూస్తూ కారెక్కింది. నీకేం కావాలని ఆమెను ఒక్కరూ అడగలేదు. నేను ఇంత చదివింది గేటు దగ్గర నిలబడి ఆ కారును చూడటానికేనా?

సాయంత్రం ఆమె భర్త ఫోన్ చేశాడు. గొంతునిండా సంబరం. "అక్కా, కొడుకు పుట్టిండు! సరిగ్గ ముహూర్తానికే తీసిన్రు. మూడు కిలోలున్నడు!"

"స్వప్న ఎట్లున్నది?"



"జర ఆగుండ్రి అక్కా, అడిగి చెప్త."

ఇంతవరకూ చెప్పలేదు.