బెంచీ మీద నోరెత్తకూడదు

ఎల్క్‌ఫర్డ్, నెబ్రాస్కా
23 నవంబరు 1934, శుక్రవారం

చిరంజీవి ఎవరెట్ లిండ్‌క్విస్ట్‌కు,

నీ పాత కోచ్ హైరమ్ ట్రాస్క్ దీవించి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం ఉన్నంతలో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ భార్య క్లారా క్షేమమని తలుస్తాను. మీ అబ్బాయి నీల్స్ క్షేమమని మాత్రం తలవలేకపోతున్నాను. ఈ ఉత్తరం అందుకోసమే.

రాయిస్తున్నాను అన్నాను కదా. పోయిన చలికాలంలో నా రెండో కన్ను కూడా పోయింది. నేను చెబుతుంటే మా ఆవిడ లెటీ రాస్తోంది. మీ జెర్సీలు మా వంటింటి బానలో ఉడకబెట్టి, ఏది ఎవరిదో తేలడానికి కాలర్ల లోపల పేర్లు కుట్టిన చెయ్యే ఇది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. రాస్తుందో లేదో చూసుకునే వీలు నాకు లేదు. (రాస్తున్నాను. – లెటీ)

ఈ ఏడు వాన లేదు. కళాశాల మైదానంలో గడ్డి చచ్చిపోయి, కుర్రాళ్లు పరుగెత్తితే లేచే దుమ్ము మా వంటింటి కిటికీ దాకా వస్తోందట. ఆ నేలను 1903లో నేనూ, ఒక అద్దె కంచరగాడిదా కలిసి చదును చేశాం. మా ఇద్దరిలో అది తెలివైనది, ఎండ ముదరగానే పని ఆపేసేది. అప్పటి కళాశాల అధ్యక్షుడు నన్ను పిలిచి, వ్యాయామం నేర్పాలి, ఫుట్‌బాల్, బేస్‌బాల్, పరుగుపందేలు అన్నీ చూడాలి, తీరిక ఉంటే బీజగణితం కూడా చెప్పాలి అన్నాడు. తీరిక ఎప్పుడుంటుందని నేను అడగలేదు. కొత్తగా పెళ్లైనవాణ్ణి, ఉద్యోగం దొరికితే చాలనుకున్నాను. కొన్నేళ్లకు నా గది తలుపు మీద క్రీడా విభాగం డైరెక్టరు అని బోర్డు పెట్టారు. స్నానాల గదిలో బాయిలర్ చెడిపోతే పిలవాల్సింది నన్నేనని దాని అర్థం.

ఏప్రిల్లో మీ పాలకమండలి నన్ను ఇంటికి పంపింది. కళ్లు లేనివాడికి కోచ్ పని ఏమిటని నువ్వు అడిగావట. అడిగినదాంట్లో తప్పు లేదు. (అడిగిన తీరులో ఉంది. – లెటీ) రాస్తూ ఆ మాట పైకే అంది, కొట్టెయ్యమన్నాను. కొట్టేశానంటోంది.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నీల్స్ సెప్టెంబరు నుంచి సోమవారాల్లో మా ఇంటికి వస్తున్నాడు. వాణ్ణి ఏమీ అనకు. మా గుమ్మం తొక్కితే నీకు కోపమని వాడికి తెలుసు, అయినా వచ్చాడు. నాకు పేపరు చదివి వినిపించి, లెటీ చేసిన యాపిల్ పై ముక్క తిని పోతాడు. గొంతు అచ్చం మీ తమ్ముడు ఆస్కార్‌ది. మొదటిరోజు వాడు తలుపు దగ్గర పలకరిస్తే లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో వాడికి చెప్పలేదు.

పోయిన శనివారం ఆటలో నీల్స్ బంతి చంకలో ఇరికించుకుని తల వంచి దూసుకుపోతుంటే, ఎదుటివాడి మోకాలు వాడి తలకు తగిలిందని నీకు తెలుసు. లేచి నిలబడ్డాడు, మిగతా ఆట ఆడాడు, గెలిచారు. అంతవరకే నీకు తెలుసు. సోమవారం మా ఇంటికి వచ్చి పేపరు తీశాడు. మొక్కజొన్న ధర చదివాడు. పేజీ తిప్పిన చప్పుడైంది, మళ్లీ మొక్కజొన్న ధరే చదివాడు. ఇంకోసారి కూడా అదే. నేను నవ్వి, ఏంరా, మీ నాన్న ధాన్యం కొట్టు అప్పుడే నీకు రాసిచ్చాడా, ఒకటే మొక్కజొన్న గోల అన్నాను. ఏం మొక్కజొన్నండీ అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. వెళ్లేటప్పుడు టోపీ కోసం గదంతా వెతికాడు. నీ నెత్తినే ఉంది నాయనా అని లెటీ చెప్పింది. మా మెట్లు దిగుతుంటే విన్నాను. కాలు ఆనాల్సిన చోట ఆనలేదు, కమ్మీ పట్టుకుని ఆగాడు. ఇన్నేళ్లు పిల్లల అడుగులు చూసి బతికాను, ఇప్పుడు వాటిని విని బతుకుతున్నాను. ఆ అడుగు మంచి అడుగు కాదు, ఎవరెట్.

బుధవారం కొత్త కోచ్ ప్రూయిట్ వచ్చాడు. మంచివాడే, కాస్త భయస్తుడు. అయ్యా, వచ్చే వారం గురువారం కృతజ్ఞతల పండుగ ఆటలో వాణ్ణి ఆపాలని నాకూ ఉంది, కానీ లిండ్‌క్విస్ట్‌గారు ఒప్పుకోవడం లేదు, మండలికి పెద్ద ఆయనే, నాకిద్దరు పిల్లలు, ఈ కరువులో ఉద్యోగం పోతే ఏం తినాలి అన్నాడు. డాక్టరేమన్నాడని అడిగాను. తండ్రి ఇష్టమని తప్పుకున్నాడట. మరి తండ్రి ఏమన్నాడయ్యా అన్నాను. వాడికేం కాలేదు, నేను చూస్తున్నాగా అన్నావట. గురువారం నువ్వే స్వయంగా బెంచీ పక్కన నిలబడి కొడుకును కనిపెట్టుకుని ఉంటానన్నావట, ట్రాస్క్‌లాగా మొద్దులా కూర్చోనన్నావట.

చివరిమాట నన్నేమీ చేయలేదు, అలాంటివి చాలా పడ్డాను. మొదటిమాట వినగానే చేతిలో కాఫీ కప్పు జారిపోయింది. గుడ్డివాడి చేతులు ఇంతేనయ్యా అని ప్రూయిట్‌తో నవ్వేశాను. అప్పటినుంచి సరిగా నిద్ర లేదు.

కాబట్టి ఇరవై రెండేళ్లుగా మన మధ్య పడి ఉన్న సంగతి ఎత్తక తప్పదు. 1912లో, ఇదే పండుగ రోజు, హార్ట్‌వెల్ కళాశాలతో ఆట. నువ్వు కెప్టెన్‌వి. మూడో భాగంలో నీ కనుబొమ్మ చీలింది, ఆ తర్వాత జరిగిందేదీ గుర్తులేదని నువ్వే విచారణలో చెప్పావు. అందుకే చూసినవాడిగా నేను చెబుతున్నాను. అప్పటి నియమం ప్రకారం ఆట సాగుతుండగా బెంచీ మీద కోచ్ నోరెత్తకూడదు. ఒక్క కేక వేసినా జట్టును పదిహేను గజాలు వెనక్కి జరుపుతారు. మైదానంలో కెప్టెన్ మాటే మాట. కోచ్ చేయగలిగిందల్లా ఒకడి బదులు ఇంకొకణ్ణి పంపడం. ఆస్కార్ తూలుతున్నాడని నాకు తెలిసింది. జో డఫీని పంపాను. వాడు సగం దూరం పోయాక నాకు ఆశ పుట్టింది. ఆస్కార్ లేకపోతే ఓడిపోతాం, ఇంకొక్క విడత ఆడనిద్దాం అనుకున్నాను. సైగ చేసి డఫీని వెనక్కి పిలిచాను. ఆ విడతలోనే మీ తమ్ముడు పడ్డాడు. మళ్లీ లేవలేదు.

(ఇక్కడ కొంచెంసేపు కలం ఆగింది. సిరా అయిపోయింది. – లెటీ)

ఇదే విచారణలో చెప్పాను, ఇదే మీ అమ్మగారి ముందు నిలబడి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తలుపు వేసేసింది, అంతే. కళాశాల మూడేళ్లు ఫుట్‌బాల్ ఆపింది. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆ జీతానికి ఇంకెవరూ రాక నన్నే ఉంచింది. ఆ తర్వాత నా చేతికింద ఎందరో కుర్రాళ్లు ఆడారు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఎవణ్ణీ మళ్లీ ఆ రోజు మైదానంలోకి పోనివ్వలేదు. ముసలమ్మ అని వెనకాల పేరు పెట్టారు నాకు. ఆ పేరు నాకిష్టం.

ఇప్పుడు అసలు విషయం. గురువారం ఆట మధ్యలో కొత్త వ్యాయామశాలకు నా పేరు పెడతారట. పాత విద్యార్థులు పట్టుబట్టారనీ, మండలిలో నువ్వొక్కడివే వద్దన్నావనీ విన్నాను. నీ మాటే నెగ్గనీ. నాకు ఆ పేరు వద్దని అధ్యక్షుడికి రాసిస్తాను. ఆస్కార్ చావుకు నేనే బాధ్యుణ్ణని ఏ సభలో చెప్పమంటే ఆ సభలో చెబుతాను. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ మైదానం వైపు రాను. ఇవన్నీ తీసుకుని నాకు ఒక్కటివ్వు. గురువారం నీల్స్‌ను ఆడనివ్వకు. కప్పు పోతే పోతుంది. ఆ కప్పులు ఇన్నేళ్లు నేనే తుడిచాను, వాటి లోపల దుమ్ము తప్ప ఏమీ ఉండదు.

నా మీద కోపంతో నా మాట తోసెయ్యకు. కోపం నా మీద ఉంచుకో, అది ఎక్కడికీ పోదు. కొడుకును మాత్రం ఇంట్లో పడుకోబెట్టు. వాడికి తలనొప్పిగా ఉందా అని అడిగితే లేదంటాడు. ఆ వయసులో నువ్వూ అలాగే అనేవాడివి. అడగకు, ఆపెయ్యి.

క్లారాకు నా దీవెనలు. ప్రూయిట్ నా దగ్గరికి వచ్చాడని అతణ్ణి ఏమీ చెయ్యకు.

నీ మేలు కోరే,
హైరమ్ ట్రాస్క్

తాజా కలం: ఎవరెట్, ఇది లెటీ ట్రాస్క్ సొంతంగా రాస్తున్నది. రాసినదంతా చదవమంటే సంతకం దాకా చదివి వినిపించాను. నేను గీత పెట్టి కొట్టేసిన మాటలు నువ్వు చూసే ఉంటావు, ఒక్కటీ సరిగా కొట్టెయ్యలేదు. ఆయన ఇప్పుడు మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. ఈ కింది ముక్క ఆయనకు తెలియదు, తెలియనివ్వకు.

ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఆయనకు మాటిచ్చాను. చర్చిలో ఆడవాళ్లు నా పక్కన బల్ల ఖాళీగా వదిలేసినన్నాళ్లూ ఆ మాట నిలబెట్టుకున్నాను. ఏప్రిల్లో నువ్వు మండలిలో ఆయన్ను హంతకుడన్నావని విన్నప్పుడు కూడా నిలబెట్టుకున్నాను. ఆ రాత్రి నిన్ను మనసులో తిట్టని తిట్టు లేదు. ఆయన పేరు కాపాడటానికే అయితే ఇప్పుడూ నోరు విప్పేదాన్ని కాదు. గోడ మీద పేరు ఉంటే ఎంత, పోతే ఎంత. కానీ నీల్స్ నా చేతి యాపిల్ పై ముక్క తింటాడు.

1912లో నీళ్ల బకెట్ దగ్గర నిలబడింది నేను. మూడో భాగంలో ఆస్కార్ నీళ్లు తాగడానికి వచ్చాడు. గరిటె అందుకుని, మర్యాదగా, ఇవాళ ఎవరితో ఆడుతున్నామండీ అని అడిగాడు. నేను పరుగున వెళ్లి మావారికి చెప్పాను. నా మాట పూర్తికాకముందే ఆయన డఫీని లేపి, నువ్వు ఆడు, ఆస్కార్‌ను బయటికి పంపు అన్నారు. ఆయన డఫీని వెనక్కి పిలవలేదు. అది ఆయన అల్లిన అబద్ధం. డఫీ నీ దగ్గరికి వచ్చాడు. నువ్వు వాడి రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టావు. నేను కళ్లారా చూశాను. నీ మొహమంతా నెత్తురు, నువ్వు ఎక్కడున్నావో నీకే తెలియని స్థితి. డఫీ తిరిగొచ్చేసరికి మావారు నియమం మరిచిపోయి, ఆపండి ఆపండి అని అరుస్తూ మైదానంలోకి ఉరికారు. అప్పటికే బంతి కదిలింది. ఆయన ఆస్కార్ దగ్గరికి చేరేసరికి చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఆ సాయంత్రం మా వంటింట్లో ఆయన డఫీ చేతా, నా చేతా మాట తీసుకున్నారు. ఎవరెట్‌కు గుర్తులేదు, గుర్తులేకపోవడమే వాడికి దేవుడు చేసిన మేలు, ఇది తెలిస్తే వాడు బతకడు, ఆ తల్లి ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకోవాలా, ఊరికి ఎవరో ఒకరు దొరకాలి కాబట్టి నేనుంటాను అన్నారు. డఫీ ఏడ్చాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఇక చూసినవాళ్లం మేమిద్దరమే మిగిలాం, అందులో ఒకరికి ఇప్పుడు చూపు లేదు.

నిన్ను నెట్టేటప్పుడు ఎవరెట్ ఏమన్నాడురా అని మావారు ఆ సాయంత్రం డఫీని అడిగారు. వాడు చెప్పాడు. వాడికేం కాలేదు, నేను చూస్తున్నాగా అన్నావట.

బుధవారం కప్పు ఎందుకు జారిందో ఇప్పుడు నీకు తెలిసింది. నువ్వు చెడ్డవాడివని రాయడం లేదు, నాయనా. తమ్ముడంటే నీకు ప్రాణం, అందుకే వాడికేమీ కాలేదని నమ్మావు. కొడుకంటే కూడా ప్రాణమే. ఇది చదివాక నీ గుండె ఏమైపోతుందో నాకు తెలుసు, అది తెలిసే ఆయన ఇన్నేళ్లు మోశారు. నీల్స్ బతికుంటే నువ్వు దీన్ని మొయ్యగలవు. వాడు లేకపోతే మొయ్యలేవు.

గురువారం ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మైదానంలో ఎవరెవరు ఉన్నారో చూసి నేను చెప్పాలి. మొదట అడిగేది నీల్స్ ఎక్కడున్నాడనే. బెంచీ మీద ఉన్నాడని నా చేత చెప్పించు.