కాచి చల్లార్చిన నీళ్లు

జూన్ 3

బడి తెరిచారు. మా అమ్మాయి తుంబికి డిసెంబర్‌లో కుట్టించిన యూనిఫామ్ మోకాళ్లు దాటి పైకి ఎక్కేసింది. గుడ్డ కుంచించుకుపోయిందని టైలర్‌ని తిట్టుకున్నాను. గుడ్డ కాదు. పిల్ల పెరిగింది.

ఏడున్నరేళ్లకే క్లాసులో అందరికంటే పొడుగు. సజి మురిసిపోతున్నాడు. మా అమ్మ పోలిక, రేపు నా బోటు ఇదే నడుపుతుంది చూడు అంటాడు. మా ఆయన ఫెర్రీ బోటు సరంగు. ఏ మంచి సంగతైనా బోటు దగ్గరికే లాక్కెళతాడు.

జూన్ 5

తుంబి చొక్కా ఉతకబోతే చెమట వాసన. చిన్నపిల్లల చెమట కాదు, పెద్దవాళ్లది.

నేను ఆశా వర్కర్‌ని. పదకొండేళ్లుగా ఈ వార్డులో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఇదే ఇంకో ఇంట్లో చూసి ఉంటే, డాక్టర్‌కి చూపించారా లేదా అని వాళ్ల ప్రాణం తీసేదాన్ని. మా ఇల్లు కాబట్టి సబ్బు మార్చాను.

జూన్ 10

సబ్బు వల్ల కాలేదు. తాలూకా ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. చేతికేం కాలేదు కదమ్మా అని తుంబి వందసార్లు అడిగింది.

జూన్ 13

రిపోర్ట్ వచ్చింది. తుంబికి ఏడున్నర. ఎముకలకి పదేళ్లట.

డాక్టర్ చిన్న వయసావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. పాప వయసుకు ముందే ఎదుగుతోంది, చాలామందిలో కారణం దొరకదు, కంగారు పడకండి, మూడు నెలలు చూద్దాం అంది. రక్తం టెస్ట్ రాసింది. తరవాత ఏం తింటుంది, ఏం తాగుతుంది అని అడిగింది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకు హుషారొచ్చింది. అది నా సబ్జెక్టు. బయట చుక్క ముట్టనివ్వను డాక్టర్, పుట్టినప్పటి నుంచీ పతిముగం చెక్క వేసి కాచిన నీళ్లే, పొయ్యి మీంచి దించి అట్లాగే బాటిల్లో పోసి ఇస్తాను అన్నాను. ఏ బాటిల్ అంది. ప్లాస్టిక్‌దే అన్నాను. రాస్తున్న పెన్ను ఆపింది.

వేడి తగిలితే కొన్ని రకాల ప్లాస్టిక్‌లోంచి రసాయనాలు నీళ్లలోకి దిగుతాయట. వాటిలో కొన్ని ఒంట్లో హార్మోన్ల పనిలో వేలు పెడతాయని అనుమానమట. మీ పాపకి దానివల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను, వేడివి మాత్రం పోయకండి అంది. నేను అదే ప్రశ్న నాలుగు రకాలుగా అడిగాను. ఆవిడ నాలుగుసార్లూ చెప్పలేననే అంది. బయట క్యూలో వాళ్లు తలుపు తోశారు.

జూన్ 14, ఉదయం 5:30

వంటింట్లో బాటిళ్లన్నీ నేల మీద పేర్చాను. పందొమ్మిది. చాలావరకు కూల్‌డ్రింక్ బాటిళ్లే. కాగిన నీళ్లు పోయగానే వాటి నడుం సన్నబడేది, చూసి తుంబీ నేనూ నవ్వుకునేవాళ్లం. బడికి తీసుకెళ్లేది మాత్రం గట్టి ప్లాస్టిక్‌ది. లోపలంతా పతిముగం చెక్క వదిలిన గులాబి మరక. ఆ రంగు చూసి ఇన్నేళ్లూ ఎంత గర్వపడ్డాను! మూత తీసి వాసన చూశాను. ఏమీ లేదు. వాసనైనా ఉంటే బాగుండేది, తిట్టడానికి.

జూన్ 14, మధ్యాహ్నం

సబ్‌సెంటర్ గోడ మీద పోస్టర్. ఇంటింటికీ నేనే అంటించిన పోస్టర్. కాచి చల్లార్చిన నీళ్లే తాగండి.

రెండు మాటలు. పదకొండేళ్లలో నేను చెప్పింది ఒకటే. కాచండి, కాచండి, కాచండి. రెండోది ఊరికే వినసొంపుగా ఉంటుందని రాశారనుకున్నాను. మా వార్డు చుట్టూ నీళ్లే, పిల్లలు బడికి బోటులోనే పోవాలి, బోటు ఏడు పదికి. ఏ తల్లి చల్లారేదాకా ఆగుతుంది? బుడగలు రాగానే బాటిల్లోకి. మొదట నేను చేశాను, నన్ను చూసి అందరూ చేశారు.

అంటే తుంబి ఒక్కతే కాదు.

జూన్ 15

ఉండబట్టలేక వార్డు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. కాగిన నీళ్లు ప్లాస్టిక్ బాటిల్లో పొయ్యకండమ్మా, పిల్లల ఒంటికి మంచిది కాదట, నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి అన్నాను. చివర ఏడుపు ఆగలేదు. తుడిపేద్దామనుకునేలోపు ముప్పై మంది వినేశారు.

జూన్ 16

నా మెసేజ్ పక్క పంచాయతీ చుట్టొచ్చి మళ్లీ నాకే చేరింది. దాని కింద ఎవరో రాశారు: కాచిన నీళ్లు విషం, ఆశా వర్కర్ ఏడుస్తూ చెప్పిన నిజం.

నేను అలా అనలేదు. అనలేదని గ్రూపులో రాయాలి. రాస్తాను. ఇంతమంది నా మాట విన్నారని లోపల ఒక మూల సంతోషం కూడా ఉంది. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

జూన్ 18

తుంబికి స్టీలు బాటిల్ కొన్నాను. హడావుడిలో సలసల కాగేవే పోసి మూత బిగించేశాను. మూత పట్టేసింది. బాటిల్ ముట్టుకుంటే కాలిందట, తెరుద్దామంటే రాలేదట. సాయంత్రం దాకా దాహంతో ఉండి వచ్చింది. బుద్ధి లేదు నాకు. బాటిల్ మార్చాను, రెండో మాట మళ్లీ మర్చిపోయాను.

జూన్ 22

వాన. గ్రూపులో ఇంకా రాయలేదు.

జూన్ 26

పక్కింటి లీలామ్మ చేచ్చి పిలిస్తే వెళ్లాను. నాకు అక్క వరస, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కోడలు అనుకి ఆరో నెల. ఏమే షీజా, నీ పుణ్యమా అని గ్యాస్ బండ ఈసారి రెండు నెలలు వచ్చేట్టుంది, పొద్దున్నే ఆ ఆవిరిలో నిలబడే బాధ తప్పింది నా కోడలికి అంది. నవ్వాను. గ్లాసుతో నీళ్లిచ్చింది. చల్లగా, తెల్లగా ఉన్నాయి. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి ఎవరూ పచ్చినీళ్లు ఇవ్వరు. ఇస్తే గొడవలే.

తాగేశాను. రక్తం టెస్ట్ రిపోర్ట్ ఇంకా రాలేదని అదే ఆలోచన. ఆ నీళ్లేమిటని అడగలేదు.

జూలై 9

రిపోర్ట్. హార్మోన్లు కాస్త ఎక్కువ, మరీ ఎక్కువ కాదు. మందులు ఇప్పుడే వద్దు, సెప్టెంబర్‌లో మళ్లీ ఎక్స్‌రే. బాటిల్ సంగతి మళ్లీ అడిగాను. డాక్టర్ నా చెయ్యి పట్టుకుని, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదమ్మా అంది. ఎవరో ఒకరు నాకు శిక్ష వేస్తే బాగుండు. లేకపోతే నిర్దోషివని వదిలేస్తే బాగుండు.

జూలై 14

అను కళ్లు పసుపు.

జూలై 15

మా ఫీల్డ్ నర్సు రెజీనా సిస్టర్ పొద్దున్నే వచ్చింది. వార్డులో నాలుగిళ్లలో కామెర్లు. నాలుగిళ్లలోనూ నీళ్లు కాచడం మానేశారట. ఎందుకు మానేశారని అడిగితే షీజ చెప్పింది అన్నారట.

నేను బాటిల్ మానమన్నాను. వాళ్లు పొయ్యి మానేశారు. ఇంటినిండా బాటిళ్లే ఉంటే ఏది మానడం తేలిక? ఈ మాట సిస్టర్‌తో అన్నాను. సమర్థించుకోకు అంది. గ్రూపులో ఆ తప్పు రాత చూసిన రోజే ఎందుకు దిద్దలేదు అని అడిగింది. దానికి జవాబు ఈ డైరీలో జూన్ పదహారో తేదీ కింద ఉంది. ఆవిడకి చెప్పలేకపోయాను.

జూలై 16

ఆసుపత్రి. అను కడుపులో ఏదీ నిలవడం లేదు. కామెర్లలో రకాలుంటాయి, ఒక రకం గర్భిణులకి చాలా ప్రమాదం. ఏ రకమో రేపు తెలుస్తుంది. లీలామ్మ చేచ్చి వరండాలో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టడానికి వీలుగా ఎదురుగా నిలబడ్డాను. నాతో మాట్లాడలేదు. పదకొండేళ్లలో ఆవిడ నోరు మూసుకుని ఉండడం నేను చూడలేదు.

తుంబికి ఏమవుతుందో తెలియదు. అను బిడ్డకి ఏమవుతుందో తెలియదు. రెంటికీ మధ్యలో నేను, నా నోరు.

జూలై 17

ప్రమాదం లేని రకమే. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, పక్కన ఎవరున్నారో కూడా చూడలేదు.

జూలై 18

సజి సెలవు పెట్టాడు. మా తమ్ముడి చిన్న పడవలో ఇద్దరం ఇంటింటికీ వెళ్లాం. గ్రూపులో కాదు, ఎదురుగా నిలబడి చెప్పాలి. తప్పు చెప్పాను, ఇప్పుడు మొత్తం చెబుతున్నాను అన్నాను. కాచాలి. గిన్నెలోనే చల్లారనివ్వాలి. అప్పుడే సీసాలోకి. స్టీలు ఉంటే స్టీలు.

టీ కొట్టు కుట్టప్పన్ చేట్టన్, వార్డంతటికీ అన్న వరస, అందరి ముందూ పట్టుకున్నాడు. అప్పుడేమో కాచమన్నావు, మొన్న కాచొద్దన్నావు, ఇవాళ కాచి చూస్తూ కూర్చోమంటున్నావు, వచ్చే నెల నీళ్లే మానేసి కల్లు తాగమంటావేమో, ఆ మాట ముందే చెప్పు తల్లీ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత వాళ్ల పొయ్యి దగ్గరే నిలబడ్డాను, నీళ్లు కాగి చల్లారేదాకా. గంటకు పైనే పట్టింది. అంతసేపూ నవ్వుతూనే ఉన్నారు. ఉండనీ.

జూలై 19

యాభై రెండు ఇళ్లు. గొంతు పోయింది.

జూలై 24

అను ఇంటికొచ్చింది. లీలామ్మ చేచ్చి పిలవకుండానే వెళ్లాను. గ్లాసుతో నీళ్లు పెట్టింది. గులాబి రంగు, గోరువెచ్చగా. తాగు, కాచి చల్లార్చినవే, నీలాగా సగం చెప్పి వదిలేసే మనిషిని కాదు నేను అంది. ఆ తిట్టు కోసం ఎనిమిది రోజులుగా ఎదురుచూస్తున్నాను.

ఇంటికొచ్చాక తుంబి అడిగింది. నేను తొందరగా పెద్దదాన్నైపోవడం నువ్విచ్చిన నీళ్ల వల్లనా అమ్మా అని. ఎవరు చెప్పారే అంటే వార్డంతా చెబుతోంది అంది. తెలియదమ్మా అన్నాను. డాక్టర్‌కి? డాక్టర్‌కి కూడా తెలియదు. అయితే రేపటి నుంచి తొందరపడకు అని వెళ్లి ఆడుకుంది.

జూలై 25, ఉదయం 4:50

గిన్నె దించాను. పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

5:15

చల్లారలేదు.

5:40

ఇంకా లేదు.