గుమ్మం దగ్గర విన్న పేర్లు

అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. మొదట ‘మేము’ అని రాసి కొట్టేశాను. పైన కనిపించే మరక అదే. మీ ఆరోగ్యం, ముఖ్యంగా మీ మోకాలు, కుదుటపడిందని తలుస్తాను.

మీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం బద్ధకం కాదు. నెమ్మదిగా చెబుతాను.

వేళకు తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. వంట పెద్దగా రాలేదు గాని, మాడబోయే వాసన ముందుగా పసిగట్టడం వచ్చింది. అమ్మాయి బట్టలు ఎవరికైనా ఇచ్చేశారా అని అడిగారు. ఇవ్వలేదు. బీరువా తెరుస్తాను, మళ్లీ మూసేస్తాను. ఆమె కళ్ళజోడు లైబ్రరీ సొరుగులో ఉండిపోయిందట. ఆమె స్థానంలో చేరినావిడ గుడ్డలో చుట్టి తెచ్చిచ్చింది. తుడిచి పెట్టాను.

ఇక మూడోది. కొత్త చదువు కేంద్రం తలుపు మీద అమ్మాయి పేరు ఎలా ఉందో ఫొటో తీసి పంపమన్నారు. ‘చిన్నవాడు అక్క పేరు నిలబెట్టాడు’ అని రాశారు. ఆ వాక్యం దగ్గరే ఇన్నాళ్లూ నా కలం ఆగిపోయింది. ఫొటో పంపలేను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సాయంత్రాలు లైబ్రరీలో ఆమె పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పేదని మీకు తెలుసు. నేర్పుతూండగా ఒక సంగతి బయటపడింది. వచ్చేవాళ్లలో చాలామందికి రానివి మీటలు కావు, అక్షరాలు. కంప్యూటర్ నేర్చుకుంటున్నానని నలుగురిలో చెప్పుకోవచ్చు. ఈ వయసులో అక్షరాలు దిద్దుతున్నానని చెప్పుకోలేరు. కంప్యూటర్ వంకన అక్షరాలకు వచ్చేవాళ్లు. ఆమె ఆ వంకను వంకగానే ఉంచింది.

ఒక్క లైబ్రరీ చాలదనిపించింది ఆమెకు. ఊరంతటికీ కలిపి ఒక ప్రణాళిక వేద్దామంది. బట్టలు ఉతికే దుకాణం, బస్సుల డిపో, ఆసుపత్రి వరండా, ఇలా జనం ఎలాగూ కూర్చుని ఎదురుచూసే చోటల్లా ఒక తెర, రెండు కుర్చీలు, పక్కన నేర్పే ఒక మనిషి. మధ్యాహ్నం బడిపిల్లలకు, పని వదిలాక పెద్దవాళ్లకు. పేరు చెప్పనక్కర్లేదు. ఇప్పుడెందుకు నేర్చుకుంటున్నావని ఎవరూ అడగకూడదు. ఉద్యోగమంతా నీటి సరఫరా శాఖలో గొట్టాల పటాలు గీసినవాణ్ణి కాబట్టి ఇదీ నన్నే గీయమంది. ‘నీళ్లు ఏ ఇంటిదాకా వెళ్తున్నాయో ఆ ఇంటిదాకా ఇదీ వెళ్లాలి,’ అంది. ఏ పై అధికారీ నాకు అంత స్పష్టంగా పని చెప్పలేదు.

ఎవరికేం కావాలో తెలుసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగింది. అప్పటికే ఆయాసం. చిన్నవాడు తన కారులో తిప్పాడు. ఆమె లోపల కూర్చుని మాట్లాడుతుంటే వాడు గుమ్మం దగ్గర నిలబడేవాడు. ప్రతి ఇంట్లోనూ లేచేముందు ఆమె ఒకే మాట చెప్పేది: ‘ఇది మీ ఇంట్లోవాళ్లకు కూడా నా ద్వారా తెలియదు.’

గుండీలు కుట్టే పెద్దావిడ మీకు గుర్తుండాలి. మీరొచ్చినప్పుడు మీ స్వెటర్‌కు గుండీలు మార్చి డబ్బు వద్దన్నావిడ. గుండీలమ్మ అంటాం. ఆవిడ కొడుకు లారీ నడుపుతాడు. వాడు బడికి వెళ్లే రోజుల్లో మార్కుల కాగితం తెస్తే, చేతిలోకి తీసుకుని పైనుంచి కిందదాకా చూసి, ‘లెక్కల్లో ఇంకొంచెం కష్టపడాలిరా’ అనేదట. ప్రతిసారీ లెక్కలే. వాడు నిజంగానే లెక్కల్లో మొద్దు కావడం ఆవిడ అదృష్టం. తనకు చదువు రాదన్న సంగతి కొడుక్కి తెలియకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది. మీ అమ్మాయికి చెప్పింది.

ఆమె పోయాక చిన్నవాడు వచ్చి, ‘బావా, అక్క ప్రణాళికను మూలన పడనివ్వను. మా మున్సిపల్ ఆఫీసులో నేను చూసుకుంటాను. పటం ఇవ్వు,’ అన్నాడు. ఇచ్చాను. ఆ నెలల్లో ఎవరేం అడిగినా ఇచ్చేవాణ్ణి.

చివరికి కట్టింది వాళ్ల ఆఫీసు పక్కన ఒక్క అద్దాల హాలు. డిపోలో ఏమీ లేదు, ఆసుపత్రిలో ఏమీ లేదు. నేర్పే మనుషులు లేరు. తలుపు తీయాలంటే ఫోనుకు ఒక అంకె వస్తుంది, అది నొక్కాలి. ఫోను లేనివాళ్లకు ఇంట్లోవాళ్ల నంబరు. ఇదంతా కూడా దిగమింగుకునేవాణ్ణే. పైన ఆమె పేరు మెరుస్తోంది కదా అనుకున్నాను.

ప్రారంభం రోజు పొద్దున ఊళ్లో చాలామంది కొడుకులకూ కోడళ్లకూ ఫోన్లో ఒక సందేశం వచ్చింది. ‘మీ అమ్మగారు అక్షరాలు నేర్చుకునే తరగతిలో చేరారు. అభినందనలు.’ కొందరికి ‘మీ నాన్నగారు’. కింద కేంద్రం పేరు. అంటే మీ అమ్మాయి పేరు.

గుండీలమ్మ కొడుకు లారీ ఆపి మరీ ఇంటికి ఫోన్ చేశాడట. కోపం కాదు, నవ్వాడట. ‘అయితే అన్నేళ్లూ నాటకమాడావా అమ్మా?’ అన్నాడట. నేను వెళ్లేసరికి ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

‘నీ భార్య మాట ఇచ్చిందయ్యా,’ అంది. ‘చచ్చిపోయినావిడను ఏమనాలి? ఏమీ అనకూడదు. అందుకే నిన్ను లోపలికి రమ్మనడం లేదు.’

అక్కణ్ణుంచి నేరుగా మీ అబ్బాయి ఆఫీసుకు వెళ్లాను.

‘ఆ పేర్లు నీకెక్కడివి?’ అన్నాను.

‘అక్కతో తిరిగాను కదా బావా. గుర్తున్నవాళ్లందర్నీ చేరినవాళ్ల జాబితాలో ఎక్కించాను. వాళ్ల పిల్లల నంబర్లు ఆఫీసులో ఉండేవే.’

‘ఎవరికీ తెలియదని ఆమె మాట ఇస్తుంటే నువ్వక్కడే ఉన్నావు.’

‘అక్క ఇచ్చింది. నేనివ్వలేదుగా.’ నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ‘మనుషుల్ని చూపించకపోతే ఆమోదం రాదు బావా. నీ పటం చూసి సంతకం పెడతారా? అయినా ఇందులో సిగ్గేముంది? చదువుకోవడం గొప్పే కదా.’

‘నీకు గొప్పే. చిన్నప్పుడే చదువుకున్నావు.’

‘నువ్వెప్పటినుంచి మనుషుల గురించి మాట్లాడుతున్నావు బావా? అక్క ఉన్నన్నాళ్లూ గొట్టాల గురించేగా మాట్లాడావు.’

అది నిజమే. లేచి వస్తుంటే వెనకనుంచి, ‘అక్క ఉంటే ఈపాటికి నన్ను క్షమించేసేది,’ అన్నాడు.

అదీ నిజమే కావచ్చు అత్తయ్యగారూ. మీరు పనికి వెళ్లే రోజుల్లో వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. వాడు పగలగొట్టిన ప్రతిదానికీ తిట్లు తనే తినేదని మీరే నవ్వుతూ చెప్పేవారు. ఈసారీ అలాగే జరిగింది. తిట్లు తినడానికి ఆమె లేదు, తలుపు మీద పేరుంది. ఊళ్లో వాళ్లు ఆ పేరును తిడుతున్నారు.

ఇన్నాళ్లూ రాయలేకపోయింది ఇది. పేరు నేనే తీయించేశాను.

చిన్నవాడి పై అధికారి, ‘ఇంత గౌరవాన్ని వద్దన్నవాళ్లను నేను చూడలేదు,’ అన్నాడు. ‘చూశారుగా,’ అన్నాను. మధ్యాహ్నం నిచ్చెనతో ఒకతను వచ్చాడు. ‘ఏ వైపు నుంచి తీయమంటారు సార్?’ అని అడిగాడు. నీకు వీలైన వైపు నుంచి అన్నాను. చివరి అక్షరం కిందికి దిగేదాకా నిలబడ్డాను. అన్నీ సంచిలో వేసి ఇచ్చాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాయి. మీరు ఎంతగా ఎదురుచూశారో తెలిసే ఈ పని చేశాను. మిమ్మల్ని అడిగితే వద్దనేవారేమో. అందుకే అడగలేదు.

పేరు తీసినంత మాత్రాన ఆమె మీద పడ్డ నింద పోదని తర్వాత తెలిసింది. నిన్న మళ్లీ గుండీలమ్మ దగ్గరికి వెళ్లాను.

‘పేరు పీకించావటగా,’ అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

‘ఆమె చెప్పలేదమ్మా, మీ సంగతి.’

‘మరి గోడ చెప్పిందా?’

‘ఆమె తమ్ముడు చెప్పాడు.’

దారం ఎక్కలేదు. సూది పక్కన పెట్టింది. ‘బయట నిలబడ్డ అబ్బాయా? ఎండన పడి వచ్చాడని అడగకుండానే నీళ్లిచ్చాను.’ సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. ‘సొంతవాళ్ల మీద చెబుతున్నావు. వాళ్లమ్మ ఊరుకుంటుందా?’

‘తెలియదు,’ అన్నాను.

‘అయితే ఆ పిల్ల మాట తప్పలేదన్నమాట,’ అంది, నాతో కాదు. పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.

ఇలా వెళ్లి చెప్పాల్సిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆమె మాట తప్పలేదని చెప్పాలంటే, తప్పింది ఎవరో ప్రతి గుమ్మంలోనూ చెప్పక తప్పదు. పరాయివాళ్ల నోట వినేకంటే నా చేతి రాతలో తెలియడం మేలనుకున్నాను. మీకు ఇద్దరూ కన్నబిడ్డలే. నన్ను సమర్థించమని అడగను. చిన్నవాడు మీ దగ్గరికి వస్తాడు, రానివ్వండి. వాడి మాట కూడా వినండి. ఈ ఉత్తరం చూపించాలనిపిస్తే చూపించండి.

ఆపమని మాత్రం రాయకండి. మీ మాట ఎప్పుడూ కాదనలేదు, ఈసారి కాదనాల్సి వస్తుంది. రేపు డిపో వెనక వీధికి వెళ్తున్నాను.

మోకాలికి వేడి కాపడం మానకండి.

ఇట్లు,
మీరు కాదనేంతవరకూ
మీ అల్లుడు